కాలు కదిపిస్తే కళ కాదా?

1980లో గ్రామీ అవార్డులు ఇచ్చినప్పుడు మైకేల్ జాక్సన్ ఆల్బమ్ ‘ఆఫ్ ద వాల్’కు దక్కింది ఒక్కటే. అదీ ‘డోంట్ స్టాప్ టిల్ యు గెట్ ఎనఫ్’ పాడినందుకు, నల్లజాతి సంగీతానికి కేటాయించినట్టుండే ఆర్ అండ్ బీ గాయకుల విభాగంలో. ఉత్తమ ఆల్బమ్‌కు నామినేషన్ కూడా లేదు. నాలుగు పాటల్ని అమెరికా టాప్ 10కి చేర్చిన రికార్డు అది! పిలిచి వేరే పంక్తిలో కూర్చోబెట్టడమంటే ఇదే.

సమీక్షకులు మెచ్చుకున్నారుగా అంటారు. నిజమే, చాలామంది మెచ్చుకున్నారు. కానీ డ్యాన్స్ రికార్డుకు దొరికే మెప్పు ఎలాంటిది? హుషారుగా ఉంది, సరదాగా ఉంది. అక్కడితో సరి. ‘లోతు’ అన్న మాట మాత్రం గిటార్ పట్టుకుని దిగులుపడేవాళ్ల కోసం దాచిపెడతారు.

లోతు కావాలంటే ఆ ఆల్బమ్‌లో మొదటి పాట, ‘డోంట్ స్టాప్’నే వినండి. అడుగున బేస్ గిటార్, దానిమీద గొణుగుడులాంటి మాటలు, ఉన్నట్టుండి ఒక కేక. అంతే, తీగలు, బాకాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. గాజు సీసాలు కొట్టిన చప్పుడూ తాళంలో కలిసిపోయి ఉంటుంది. ఆరు నిమిషాలపాటు అదే వరస తిరుగుతుంది, విసుగు మాత్రం రాదు. ఎందుకు రాదో చెప్పడానికి సమీక్షకుడి దగ్గర మాటల్లేవు. సాహిత్యమైతే విప్పి చెప్పగలడు. బేస్ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడితే నడుము ఎందుకు ఊగుతుందో చెప్పలేడు. చెప్పలేనిదాన్ని చిన్నదిగా చూడటం పండితుల పాత జబ్బు. మాటను నమ్ముతారు, ఒంటిని అనుమానిస్తారు.

ఆ అనుమానం వెనక ఎవరి ఒళ్లన్న ప్రశ్న కూడా ఉంది. ఆల్బమ్ రావడానికి నెల ముందు, 1979 జులై 12న, షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని కుప్పపోసి పేల్చేశారు. నల్లజాతివాళ్లు, స్వలింగ సంపర్కులు పెంచిన సంగీతం అది. ఆ పేలుడును వట్టి అభిరుచి గొడవ అనుకోవడం అమాయకత్వం.

2014లో డాఫ్ట్ పంక్ అనే డ్యాన్స్ సంగీత జంటకి ఉత్తమ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. అందులో మెరిసే గిటార్ నైల్ రోజర్స్‌ది. ఆయన సొంత డిస్కో బృందం షీక్‌ని మాత్రం, సంగీత దిగ్గజాలకు చోటిచ్చే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 11 సార్లు నామినేట్ చేసి, 11 సార్లూ పక్కన పెట్టింది. చివరికి 2017లో ఆయన ఒక్కడికే ఒక ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. షీక్ పాట ‘గుడ్ టైమ్స్’లో ఆ బేస్ వాయించిన బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అప్పటికే పోయి ఇరవై ఏళ్లు దాటింది.