ఇళయరాజా పాటకు ట్రాక్ చాలదు

చెన్నైలో మన తెలుగు సంఘాలు ఉగాదికో వార్షికోత్సవానికో ఇళయరాజా పాటల విభావరి పెట్టడం ఆనవాయితీ అయింది. హాలు నిండుతుంది, పాడేవాళ్లకూ కొదవ లేదు. కానీ చాలాచోట్ల వేదిక మీద కనిపించేది ఒక లాప్‌టాప్, రెండు మైకులు. ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మోగుతుంది, గాయకులు దాని వెంట పడతారు. ఇలా పాతిక పాటలు పాడించేకంటే, మనుషులు వాయించే వాద్యాలతో ఎనిమిది పాటలు వినిపించడం మేలని మా గట్టి అభిప్రాయం. అందుకు కావలసినవాళ్లంతా ఈ ఊళ్లోనే ఉన్నారు.

ఈయన విషయంలోనే ఇంత పట్టు ఎందుకంటే, ఆయన సంగీతం పెరిగిన తీరు అలాంటిది. 1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి హార్మోనియం వాయించిన మనిషి. పల్లె పాట అక్కడే ఒంటబట్టింది. చెన్నై వచ్చాక ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే స్వరలిపి) నేర్చుకున్నారు. టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర కర్ణాటక సంగీతం అభ్యసించారు. జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1976లో తమిళ సినిమా ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడయ్యారు. ఈ మూడు పాయలూ కలిసేది గాయకుడి గొంతులో కాదు, ఆయన చేత్తో రాసిన స్కోరులో, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఉన్న కాగితంలో. ఏ వయొలిన్ ఏ స్వరం పట్టాలి, బేస్ గిటార్ ఎక్కడ అడుగు మార్చాలి అన్నది ముందే కాగితం మీద ఉంటుంది. 1986లో త్యాగరాజుకూ జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్ నుంచి, 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించిన ‘వేలియంట్’ సింఫనీ దాకా పద్ధతి అదే. పల్లవీ చరణాలు మాత్రం పాడి వాద్యాలను డబ్బాలోంచి వినిపిస్తే, ఆయన పనిలో సగం వేదిక ఎక్కనట్టే.

ఒక పాట దగ్గరగా చూద్దాం. ‘సాగర సంగమం’లోని ‘ఓం నమశ్శివాయ’ హిందోళ రాగం. స, గ2, మ1, ద1, ని2, ఇంతే (అంకెలు ఆ స్వరం ఏ రకమో చెబుతాయి). రిషభం (రి) లేదు, పంచమం (ప) లేదు. మన స్టేజీల మీద దీన్ని చెడగొట్టేది గాయని కాదు, కీబోర్డూ బేసూ. కీబోర్డు వాయించే కుర్రాడు అలవాటు కొద్దీ షడ్జం (స) మీద మైనర్ కార్డ్ (కలిపి మోగించే మూడు స్వరాలు) పట్టుకుంటాడు. అందులో పంచమం ఉంది! బేస్ గిటార్ చెయ్యి కూడా అలవాటుగా స–ప, స–ప అని ఊగుతుంది. ఇక హిందోళం ఎక్కడుంది? ద–స–గ, మ–ద–స అనే రెండు కార్డ్‌లు రాగంలోని స్వరాలతోనే కుదురుతాయి. షడ్జం ‘సి’లో ఉంటే అవి ఎ ఫ్లాట్ మేజర్, ఎఫ్ మైనర్. ఎడమ చేతికి ఆ రెండూ చాలు. బేస్ స–మ, స–ద మధ్య తిరగాలి. ఈ సంగతి పార్టులో, అంటే ఆ వాద్యకారుడికిచ్చే స్వరాల కాగితంలో, రాసి ఇవ్వాలి. నోటితో చెబితే రిహార్సల్‌లో సరేనంటారు, వేదిక మీద చెయ్యి పాత దారే పడుతుంది.

‘సింధు భైరవి’ పాటలకైతే ఇంకా జాగ్రత్త కావాలి. ‘పాడలేను పల్లవైనా’ అని జానపదంలా మొదలై త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’లోకి వెళుతుంది. ఆ కీర్తన అసలు రాగం కాంభోజి, సినిమాలో సారమతి. సారమతి ఆరోహణ నఠభైరవి రాగంలాగే ఏడు స్వరాలూ ఎక్కుతుంది, అవరోహణలో మాత్రం పంచమం, రిషభం ఉండవు. దిగేటప్పుడు కీబోర్డు మెట్టుమెట్టుకీ వేలు పెట్టుకుంటూ వచ్చిందంటే రాగం పోయినట్టే. ఈ పాటకు కార్డ్‌లు వద్దు. తంబురా శ్రుతి, మృదంగం, ఒక వయొలిన్ చాలు. అదే సినిమాలోని కల్యాణి పాట ‘కలైవాణియే’ ఆరోహణ స్వరాలతోనే కట్టింది. గాయకుడు పంక్తి చివర ముచ్చటపడి కిందికి ఒక సంగతి (స్వరాల మెరుపు) జార్చాడా, కట్టడమంతా కూలుతుంది.

ఎనిమిది పాటలకు బృందం ఎంత ఉండాలి? వయొలిన్లు ఆరు (మూడేసి చొప్పున రెండు వరసలు), వియోలా ఒకటి, సెల్లో ఒకటి, వేణువు, నైలాన్ తంత్రుల గిటార్, బేస్, కీబోర్డు, తబలా లేదా మృదంగం, డ్రమ్స్. మన ఇళ్లలో కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్లను తీసుకోవాలి. అయితే వాళ్ల వయొలిన్ స–ప–స–ప శ్రుతిలో ఉంటుంది. స్టాఫ్ నొటేషన్ పార్టులు జి–డి–ఎ–ఇ తంత్రులకు రాసినవి. తంత్రుల శ్రుతి మారిస్తే వేళ్ల లెక్క మారుతుంది, కాబట్టి కనీసం రెండు నెలలు ముందు మొదలుపెట్టాలి. స్టాఫ్ చదవలేని పిల్లలకు రెండో వరస ఇచ్చి, అదే కాగితం మీద సరిగమలు కూడా రాయండి. గమకం (స్వరాన్ని ఊపడం) ఎక్కడ వద్దో గుర్తు పెట్టండి. ఆరుగురూ కలిసి నిలువు స్వరం పట్టాల్సిన చోట ఒక్కరు ఊపినా వరస చెదురుతుంది.

ప్రతి పాటకూ శ్రుతి, అంటే షడ్జం ఏ ఎత్తులో ఉండాలో, ముందే తేల్చాలి. అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి ఇక్కడే. గాయకుడు చివరి వారంలో ‘అర మెట్టు దించండి’ అంటే కీబోర్డుకు ఒక మీట నొక్కితే సరిపోతుంది, మిగతావాళ్లకు కాదు. వేణువు మారాలి, గిటార్‌కు కాపో (తంత్రులను నొక్కిపట్టే క్లిప్పు) పైకే గానీ కిందికి పనికిరాదు, వయొలిన్ పార్టులన్నీ తిరగరాయాలి. పాడేవాళ్ల శ్రుతి రాతపూర్వకంగా తీసుకున్నాకే పార్టులు రాయించండి. పాత రికార్డింగులు టేపు వేగం తేడా వల్ల కొన్ని ప్రామాణిక శ్రుతికి (ఎ స్వరం 440 హెర్ట్జ్) అటూ ఇటూ ఉంటాయి. వాటితో కలిపి సాధన చేయొద్దు.

రిహార్సల్స్ ఆరు: తీగ వాద్యాలకు విడిగా రెండు, గాయకులకు కీబోర్డుతో రెండు, అందరికీ కలిపి రెండు. ఒక్కొక్కటి మూడు గంటలు. హాల్లో ఇద్దరు వయొలినిస్టులకు ఒక కండెన్సర్ మైకు, వాద్యానికి రెండు మూడు అడుగుల ఎత్తున పెట్టించండి. డ్రమ్స్ వాటికి వీలైనంత దూరంగా ఉండాలి. స్టేజీ మానిటర్ల (వేదిక మీదివాళ్లు వినే స్పీకర్ల) చప్పుడు పెంచితే ఆ మైకులే కూత పెడతాయి, కనుక వయొలిన్ వరసకు హెడ్‌ఫోన్లు మంచివి.

టికెట్ పెట్టినా, స్పాన్సర్లను తెచ్చినా, పాటల హక్కుల అనుమతి ముందుగా కాగితం మీద తీసుకోవాలి. హాలు బుక్ చేసిన రోజే ఆ ఉత్తరం కూడా వెళ్లాలి.

కార్యక్రమం అయ్యాక పార్టులన్నీ వెనక్కి తీసుకుని, పాట పేరు, శ్రుతి, వాద్యం రాసిన కవర్లలో సంఘం బీరువాలో పెట్టండి. వచ్చే ఏడాది కార్యవర్గం మారినా, రెండు కొత్త పాటలు రాయిస్తే సరిపోతుంది.