ఆ జుట్టాయన నేనే

2011 సంక్రాంతికి మా బావ మొదటిసారి పండక్కి భీమవరం వచ్చాడు. కొత్త అల్లుడు కారు డిక్కీ తెరుస్తుంటే అందరం మిఠాయి పెట్టెలు దించడానికి చేతులు చాపాం. తువ్వాల్లో చుట్టిన ప్లేస్టేషన్ 3 దిగింది, టీవీకి తగిలించి ఆడే ఆటల డబ్బా. దాని వెనకే రెండు కంట్రోలర్లు, టెక్కెన్ 6 అనే కొట్టుకునే ఆట డిస్కు. "ఇక్కడ బోర్ కొడుతుందేమోనని తెచ్చానండీ" అన్నాడు మా అమ్మతో. వారం రోజులుగా అరిసెల పాకం దగ్గర నిలబడ్డ మనిషి ఆవిడ. ఏమీ అనలేదు. అల్లుడు కదా.

నేను మాత్రం లోపల్లోపల నవ్వుకున్నాను. నా బ్యాగులో పీఎస్‌పీ ఉంది, చేత్తో పట్టుకుని ఆడే ఆటల డబ్బా. అందులోనూ టెక్కెన్ 6 ఉంది.

అప్పట్లో నేను హైదరాబాదులో రోజూ హఫీజ్‌పేటలో ఎమ్‌ఎమ్‌టీఎస్ ఎక్కి బేగంపేటలో దిగేవాణ్ణి. సీటు దొరికినా దొరక్కపోయినా పీఎస్‌పీ తీసేవాణ్ణి. ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. స్క్రీను 4.3 అంగుళాలు, అంటే మా ఇంట్లో అగరుబత్తి పెట్టె కంటే చిన్నది. అడ్డంగా 480, నిలువుగా 272 చుక్కలు. హెచ్‌డీ టీవీ అంటే తక్కువలో తక్కువ 1280కి 720, దాదాపు ఏడింతలు. అయితేనేం, ఆట అదే కదా. ప్లేస్టేషన్ 3కి 2009 అక్టోబరులో వచ్చింది, పీఎస్‌పీకి ఆ మరుసటి నెలలో. నలభైమంది దాకా ఉన్న యోధులందరినీ ఆ అరచేతి డబ్బాలో కుదించి పెట్టారు. సీనారియో క్యాంపెయిన్ అని కథలాగా నడుచుకుంటూ వెళ్ళి కొట్టే భాగం ఒకటి ఉంటుంది, అదొక్కటే ఎక్కలేదు. అది లేకపోతే నాకు పోయిందేమీ లేదు. నాకు కావలసింది కొట్టుకోవడం, నడవడం కాదు. నడక స్టేషన్ నుంచి ఆఫీసుకి ఎలాగూ ఉంది.

ఈ ఆటలో గెలుస్తూ పోతే ర్యాంకులిస్తారు, కరాటే బెల్టుల్లాగా. మొదట క్యూ అనే కింది మెట్లు, తర్వాత డాన్ అనే పై మెట్లు. మొదటి డాన్ వచ్చిన రోజున రైల్లోంచే స్నేహితుడికి ఫోన్ చేసి "ఒరేయ్, ఇవాళ్టితో నేను డాన్ అయిపోయాను" అని అరిచాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కాళ్ళ దగ్గరున్న సంచీని మెల్లిగా ఒళ్ళోకి తీసుకున్నాడు. భరత్‌నగర్‌లో దిగిపోయాడు. ఆయన స్టేషన్ అదేనో కాదో నాకిప్పటికీ అనుమానమే.

నా మనిషి పాల్ ఫీనిక్స్. జుట్టు మూరెడు ఎత్తున నిక్కబొడుచుకుని ఉంటాడు, చూడగానే కరెంటు షాక్ తిన్నవాడిలా కనిపిస్తాడు. ఇతని దగ్గర ఒక గుద్దు ఉంది. కింద బటన్ మీంచి ముందు బటన్ మీదికి బొటనవేలిని పావు చుట్టు తిప్పి, ట్రయాంగిల్ నొక్కాలి. ఈ ఆటలో నాలుగు బటన్లు నాలుగు అవయవాలు: స్క్వేర్ ఎడమ చెయ్యి, ట్రయాంగిల్ కుడి చెయ్యి, క్రాస్ ఎడమ కాలు, సర్కిల్ కుడి కాలు. ఆ కుడిచేతి గుద్దు తగిలిందంటే, అవతలివాడికి ఎంత ప్రాణం మిగిలిందో చూపించే గీత భోజనంలో అప్పడంలాగా విరిగిపోతుంది. ఏడాదిపాటు నేను తిప్పింది ఆ పావు చుట్టే. ఎడమ బొటనవేలి మీద కాయ కాసింది.

అందుకే భోజనాలయ్యాక బావ టీవీకి వైర్లు పెడుతూ "ఏం బావమరిదీ, ఆడతావా?" అంటే, "ఏదో కొంచెం వచ్చు బావా" అన్నాను. ఆ "కొంచెం" అనే మాటలో ఎంత పొగరు పట్టాలో అంతా పట్టించాను.

మా ఊళ్ళో చిన్నప్పుడు గంటకి పది రూపాయల గేమ్ పార్లర్లో ఈ సిరీస్‌లోనే మూడోది ఆడిన తరం మాది. అక్కడ ఒకే ఒక్క నియమం ఉండేది: ఎడ్డీని తీసుకోకూడదు. ఎడ్డీ అనేవాడు బ్రెజిల్ కపోయిరా ఆడతాడు. ఏ బటన్ ఎందుకో తెలియనివాడు కూడా రెండు కాలి బటన్లూ టపటపా కొడుతూ ఉంటే చాలు, గిరగిరా తిరుగుతూ ఎదుటివాణ్ణి ఊడ్చేస్తాడు. తర్వాత ఆ మూడో టెక్కెన్‌ని గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి డబ్బాలోకి కూడా దించారు. దానికి కుడి బొటనవేలి కింద ఉన్నవే రెండు బటన్లు. దాంతో నాలుగు అవయవాలు పోయి ఒకటి గుద్దు, ఒకటి తన్ను అయ్యాయి. దాన్ని చూసి నవ్వినవాణ్ణి నేను. పీఎస్‌పీలో నాలుగు బటన్లూ ఉన్నాయి కదా, ఇంక తేడా ఏముంటుందిలే అనుకున్నాను.

తేడా హాల్లో కుర్చీలు వేస్తున్నప్పుడే మొదలైంది. నాన్న ఈజీ చైరు టీవీ వైపు తిప్పుకున్నాడు. అమ్మ, పిన్ని అరిసెల పళ్ళెంతో వచ్చి కూర్చున్నారు. అక్క మొగుడి పక్కన. బాబాయి గుమ్మానికి ఆనుకుని. సాయంత్రం పాలు పోయడానికొచ్చిన సూరిబాబు కూడా క్యాను కింద పెట్టి, "ఏవండి, క్రికెట్టాండి?" అని నిలబడిపోయాడు. పీఎస్‌పీలో ఓడిపోతే నాకూ దేవుడికీ తప్ప మూడోవాడికి తెలిసేది కాదు. ఇక్కడ నా ఓటమికి ముప్పయ్యిరెండు అంగుళాల ఎల్‌సీడీ, పైగా అరిసెలు.

బావ ఒకటో కంట్రోలర్ తీసుకున్నాడు, ఇంటల్లుడు కదా. రెండోది నాకొచ్చింది. ఆయన బాబ్ అనేవాణ్ణి ఎంచుకున్నాడు. బాబ్ ఈ ఆరో భాగంలోనే కొత్తగా వచ్చాడు. చూస్తే పెళ్ళి వంటవాడి ఒళ్ళు, కదిలితే పిల్లి.

"ఇందులో నువ్వెవరివిరా?" అన్నాడు నాన్న.

"ఆ జుట్టు నిక్కబొడుచుకున్నవాడు నాన్నా."

"మరి ఆ లావుపాటాయన అల్లుడుగారా?" అంది అమ్మ నొచ్చుకుంటూ. "పండగపూట ఇంకెవరూ దొరకలేదా ఆయనకివ్వడానికి?"

నేనివ్వలేదమ్మా అనేలోపే ఆట మొదలైంది. పావు చుట్టు తిప్పి ట్రయాంగిల్ నొక్కాను. పాల్ ఆ గుద్దు గుద్దలేదు. మళ్ళీ తిప్పాను. పాల్ మెడ మీదికి వచ్చిన పని తెలియని మనిషిలా ఒకడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు వెలిగింది. రెండో ఆటగాడు నిలబడేది కుడివైపు. ముఖం ఎడమకి. అతనికి "ముందు" అంటే నాకు ఎడమ. ఏడాదిపాటు పీఎస్‌పీలో ఒక్కణ్ణే కంప్యూటర్‌తో ఆడితే ప్రతి పోటీలోనూ నన్ను ఎడమవైపే నిలబెట్టింది. రెండో మనిషితో కొట్టుకోవాలంటే ఆ మనిషికీ ఒక పీఎస్‌పీ, ఒక డిస్కు ఉండాలి. ఆ బోగీలో అలాంటివాడు నాకెప్పుడూ తగల్లేదు. నా బొటనవేలు కుడికి తిరగడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. కుడిచేత్తో అన్నం తినేవాణ్ణి పట్టుకుని ఎడంచేత్తో పులుసన్నం తినమన్నట్టయింది నా పని.

ఈలోగా బాబ్ వచ్చి పాల్‌ని గాల్లోకి లేపాడు. గాల్లో ఉన్నవాడు చేతులు అడ్డం పెట్టుకోలేడు, తినాల్సిందే. కింద పడబోతుంటే నేలకేసి కొట్టి బంతిలా మళ్ళీ లేపి మళ్ళీ కొట్టాడు. దీన్ని బౌండ్ అంటారు, ఈ భాగంలో కొత్తగా పెట్టిన సౌకర్యం. సౌకర్యం ఎవరికి అన్నది వేరే సంగతి.

"కింద పడనివ్వడం లేదేంటి వాణ్ణి?" అన్నాడు నాన్న, మొదటిసారి కొంచెం జాలిగా.

ప్రాణం అడుగంటేసరికి పాల్ ఒళ్ళంతా ఎర్రగా మెరిసింది. దాన్ని రేజ్ అంటారు. చావబోయేవాడి దెబ్బకి బలం పెరుగుతుంది. "మనవాడికి జ్వరం వచ్చినట్టుంది" అన్నాడు బాబాయి. ఆ జ్వరంలోనే ఏదో నొక్కితే ఒక్క తన్ను తగిలింది బాబ్‌కి. వెంటనే అమ్మ, "ఒరేయ్, అల్లుడుగారి మీద కాలెత్తుతావేంటిరా! తప్పు" అంది. నేను ఉలిక్కిపడి అటు చూశాను. ఇటు తిరిగేసరికి పాల్ పడుకుని ఉన్నాడు.

రెండో ఆట కూడా అలాగే పోయింది. సూరిబాబు తల అడ్డంగా ఊపుతూ ఖాళీ క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను సాంకేతిక కారణాల జోలికి వెళ్ళాను. "బావా, ఈ టీవీలో లాగ్ ఉంది" అన్నాను. అబద్ధం కాదు. ఈ ఆట సెకనుకి 60 బొమ్మలతో నడుస్తుంది. చాలామందికి అతి వేగమైన గుద్దు పది బొమ్మల్లో వచ్చేస్తుంది, అంటే సెకనులో ఆరో వంతు. టీవీ ఏమో బొమ్మని అందంగా చూపిద్దామని లోపల మెరుగులు దిద్ది ఆలస్యంగా బయటికి వదులుతుంది. గేమ్ మోడ్ పెడితే ఆ సోకులు తగ్గించి తొందరగా చూపిస్తుంది. మా టీవీ ఏమో సినిమా మోడ్‌లో ఉంది. పీఎస్‌పీకి తన స్క్రీను తనకే ఉంటుంది, మధ్యలో ఈ ముస్తాబు గొడవ ఉండదు.

ఇదంతా వివరంగా చెప్పాను. నాన్న ఈజీ చైర్లో కొంచెం లేచాడు. "టీవీ నేను కొన్నదిరా. దానికేం రోగం?"

"నేనూ అదే టీవీలో ఆడుతున్నాను కదా బావమరిదీ" అన్నాడు బావ. గొంతులో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

చివరికి సిగ్గు విడిచి ఒకటో కంట్రోలర్ అడిగాను. వెంటనే ఇచ్చేశాడు, మంచివాడు. ఇప్పుడు నేను ఎడమవైపు. అయినా కంట్రోలర్ చేతిలో కుదరదు. పీఎస్‌పీకి పై అంచున రెండే బటన్లు. దీనికి నాలుగు, అందులో కింది రెండూ బయటికి పొడుచుకుని వస్తాయి. అలవాటైనవాళ్ళు రెండు మూడు బటన్లు కలిపి నొక్కాల్సిన దెబ్బల్ని వాటికి అప్పగిస్తారు. నేను పీఎస్‌పీలో అదంతా ఒక్క బొటనవేలిని అడ్డంగా పడుకోబెట్టి నొక్కేవాణ్ణి. ఇక్కడ వేళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టీ గ్లాసు పట్టుకున్నట్టు కింది నుంచి పట్టుకున్నాను.

కానీ బొటనవేలికి దాని దారి దొరికింది. పావు చుట్టు, ట్రయాంగిల్. బాబ్ హాలు దాటి ఎగిరిపోయినంత పని అయింది. మళ్ళీ ఒకటి. బాబాయి గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. అక్క "ఏవండీ!" అంది. బాబ్‌కి జ్వరం వచ్చింది. గీత దారప్పోగంత మిగిలింది. నేను కిందికి నొక్కాను, ముందుకి తిప్పాను...

కరెంటు పోయింది.

మా వీధిలో ఆరుగంటలకి కరెంటు పోవడం వింత కాదు. ఫ్యాన్లకి ఇన్వర్టర్ ఉంది, టీవీకి లేదు. చీకట్లో ఎవరో అరిసె నములుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నేను గెలిచేవాణ్ణి" అన్నాను.

"ఏమోరా, కనబళ్ళేదు" అన్నాడు నాన్న.

అప్పుడు బ్యాగులోంచి పీఎస్‌పీ తీశాను. కరెంటుతో పని లేని యంత్రం. ఇద్దరం ఒకదాని మీద ఆడలేం కాబట్టి సర్వైవల్ పెట్టాం: ఒక్క ప్రాణంతో ఎంతమందిని పడగొడితే అంత. ముందు బావ. ఆయన బొటనవేళ్ళు ఆ బటన్ల మీద పెడితే కింద బటన్లున్నట్టే తెలియలేదు. ఇద్దరిని పడగొట్టి మూడోవాడి చేతిలో పోయాడు. "ఇది మనుషులు ఆడేదేనా?" అన్నాడు.

తర్వాత నేను. నాలుగో మనిషి, ఐదో మనిషి, ఏడో మనిషి. వేలు నాది, దారి నాది, ఎడమవైపు నాది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఎవరూ చూడలేదు. స్క్రీను మీదికి ఐదు తలలు వంగాయి కానీ నా తల అడ్డం. "ఏమైందిరా?" అంటే "గెలిచాను". "ఏదీ, చూపించు" అనేసరికి తర్వాతివాడు వచ్చేసేవాడు. అటు తిప్పితే నాకు కనబడదు, ఇటు తిప్పితే వాళ్ళకి కనబడదు. ఒక్కొక్కరే విసుగు పుట్టి వెళ్ళి కూర్చున్నారు. బావ ఒక్కడే పెద్దమనిషిలా "బాగా ఆడుతున్నట్టున్నావ్" అంటూ ఉన్నాడు, చప్పుడుని బట్టి.

పదకొండో మనిషి ఎదురుగా నిలబడ్డాడు. బావ దగ్గర రెండు, నా దగ్గర పది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పీఎస్‌పీని నా చేతుల్లోంచి ఎత్తుకుపోయింది.

"ఉండరా, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో చూసి ఇస్తాను" అంది అమ్మ.

దేవుడి గూట్లో వెతికింది. పొయ్యి గట్టు మీద వెతికింది. ఆ నీలి వెలుతురు గోడల మీద పాకుతూ వంటింట్లోకి వెళ్ళింది. లోపలి నుంచి పాల్ అరుపులు వినపడుతున్నాయి. అగ్గిపెట్టె దొరికి కొవ్వొత్తి వెలిగాక తెచ్చి ఇచ్చింది. "ఇదేదో ఆకుపచ్చగా మినుకు మినుకుమంటోందిరా" అంది. అది బ్యాటరీ అయిపోతోందని చెప్పే దీపం. నా చేతికొచ్చేసరికి అదీ ఆరిపోయింది.

కనుమ నాడు పొద్దున్నే అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాను. సూరిబాబు సైకిల్ ఆపాడు. వెనకాల ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్ళనెప్పుడూ చూడలేదు.

"ఈయనేనండి" అన్నాడు వాళ్ళతో. తర్వాత నా వైపు తిరిగి, గౌరవంగా, "ఏవండి, మొన్న టీవీలో ఆ లావుపాటాయన చేతిలో తన్నులు తిన్న జుట్టాయన మీరే కదండి?" అన్నాడు.

నోట్లో నురగ ఉండి మాట్లాడలేకపోయాను. తలూపాను.