పేరు మర్చిపోవడం నిర్లక్ష్యం కాదు
పేరు గుర్తులేదంటే ఆ మనిషిని పట్టించుకోనట్టే అని ఒక వ్యాసంలో రాశారు, దీంతో నేను అస్సలు ఒప్పుకోను. మా అమ్మకు 74 ఏళ్లు. మొన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పాత పక్కింటావిడ గురించి చెప్పబోయి ఆగిపోయింది. ఆవిడ కూతురిని తెనాలి ఇచ్చారని, ప్రతి సంక్రాంతికీ అరిసెలు పంపేదని, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉండేదని అన్నీ చెప్పింది కానీ పేరు మాత్రం రాలేదు. "నోట్లోనే నానుతోందే, సు తో మొదలవుతుంది" అంటూ ఎంత టెన్షన్ పడిందో! గంట తర్వాత బియ్యం చెరుగుతుంటే దానంతటదే వచ్చింది, సుభద్ర అని. ఇలా నోటిదాకా వచ్చి ఆగిన మాటలో మొదటి అక్షరం, ఎన్ని అక్షరాలో కూడా చాలాసార్లు తెలుస్తాయని 1966లోనే బ్రౌన్, మెక్‌నీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. ఇంకోటి, 1987లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో ఒకే మాటను ఒక మనిషి వృత్తిగా చెబితే బాగా గుర్తుంది, ఇంటిపేరుగా చెబితే అంతగా గుర్తులేదు. మన దగ్గరే చూడండి, ఒకాయన ఒకప్పుడు ఊరికి కరణం అంటే దస్త్రాలు, శిస్తు, పొలాల కొలతలు అన్నీ కళ్లముందు మెదులుతాయి, అదే ఆయన ఇంటిపేరు కరణం అంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పేరుకి మనిషితో ఉన్న ముడి అంత సన్నగా ఉంటుంది, వయసు పైబడేకొద్దీ ముందు జారేది అదే. సుభద్రమ్మ గారిని మా అమ్మ ఎంత ప్రేమగా తలుచుకుందో పక్కన కూర్చుని విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.