ఎక్కడికమ్మా?

మొన్న గురువారం ఉదయం పదిన్నరకు రాజమహేంద్రవరం బస్టాండులో ఒక పల్లెవెలుగు ఎక్కి కూర్చున్నాను. బోర్డు చూడకుండానే ఎక్కాను. చూడకుండా అంటే అబద్ధం, చూశాను, రావులపాలెం అని ఉంది. కానీ ఆ ఊళ్లో నాకు పనేమీ లేదు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, అదీ ఎండ పడని వైపు. కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూసి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"చివరిదాకా."

"రావులపాలెమేనా? దారిలో ఎక్కడైనా దిగుతారా?"

"ఇంకా అనుకోలేదు నాయనా."

అతను నన్నొకసారి, చేతిలోని టికెట్ల మిషనునొకసారి చూశాడు. దిగే ఊరు నొక్కితే తప్ప ఆ మిషనులోంచి కాగితం బయటికి రాదు. "ఏదో ఒక ఊరు చెప్పాలమ్మా, మిషను ఒప్పుకోదు" అన్నాడు, పాపం, మర్యాదగానే. సరే రావులపాలెమే కొట్టమన్నాను. తర్వాత కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వుకున్నాను. ఊరి పేరు చెప్పందే ఒప్పుకోనిది ఆ మిషను ఒక్కటేనా? నాకిప్పుడు అరవై మూడేళ్లు. పుట్టింట్లో, అత్తింట్లో, వీధిలో అందరిదీ ఇదే ప్రశ్న.

నేను 36 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెప్పాను. 2022 జూన్‌లో అరవై నిండి దిగిపోవాల్సిన దాన్ని. ఆ ఏడు జనవరిలో పదవీ విరమణ వయసు 62కు పెంచడంతో ఇంకో రెండేళ్లు సుద్దముక్క పట్టుకుని, 2024 జూన్ నెలాఖరున ఇంటికి వచ్చాను. మొదటి ఏడాది అందరూ చేసేదే చేశాను. బీరువాలు సర్దాను, మోకాళ్లకు తైలం రాశాను, టీవీ వార్తలు చూసి రక్తపోటు పెంచుకున్నాను. తర్వాత 2025 ఆగస్టు 15 వచ్చింది. స్త్రీశక్తి పేరుతో మా రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. అన్ని బస్సుల్లోనూ కాదు. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఉంది కనుక హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు ఇరవై నెలలు ఫోనులో నన్ను ఊరించింది. సంక్రాంతికి ఇక్కడికి వస్తే దాని తెలంగాణ ఆధార్ చెల్లలేదు. టికెట్టు కొనుక్కుని నా పక్కన కూర్చుంది. పెద్దదాన్ని, ఆ సంతోషం దాచుకోవాల్సింది, దాచుకోలేకపోయాను.

ఇప్పటికి 82 సున్నా టికెట్లు పోగేశాను. పాత కళ్లద్దాల పెట్టెలో పెడతాను. టికెట్టు మీద అసలు చార్జీ, ప్రభుత్వం భరించేది, నేను ఇవ్వాల్సిన సున్నా, మూడూ ఉంటాయి. లెక్కల మనిషిని కదా, అసలు చార్జీలన్నీ కలిపి చూశాను. మొత్తం ఎంతో ఇక్కడ రాయను, మా వారు ఇది చదువుతారు. ఆగస్టు టికెట్ల మీద అక్షరాలు అప్పుడే వెలిసిపోయాయి. ఇంకో ఏడాదికి పెట్టె నిండా తెల్ల కాగితాలే మిగిలేలా ఉన్నాయి.

ఇక ఈ పోస్టు ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మా వీధిలో ఒక పెద్దమనిషి ఉన్నారు, రిటైరైనవారే. పోయిన వారం గేటు దగ్గర ఆపి, "పనీ పాటా లేనివాళ్లంతా బస్సులు నింపేస్తున్నారమ్మా, మీలాంటి పింఛను వచ్చేవాళ్లకు కూడా ఉచితమేమిటి?" అన్నారు. రెండు ముక్కలున్నాయి ఆ మాటలో. రెండో ముక్కలో న్యాయం ఉంది, దాని సంగతి తర్వాత. మొదటి ముక్క విన్నాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పనీ పాటా లేకపోవడమట! ఆయన రోజూ ఉదయం అయిదున్నరకు వాకింగ్ అని బయలుదేరతారు. మా వారూ ఆ జట్టే. వాకింగ్ పావుగంట. మిగిలిన గంటన్నర పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని లోకాన్ని చక్కబెట్టడం. ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు వీళ్లు రెండు వారాల పాటు రొయ్యల మీదే మాట్లాడారు. ఒక్కరికీ చెరువు లేదు. సగం మంది రొయ్య ముట్టరు. ఇప్పుడు 2027 పుష్కరాలకు ఏ ఘాటు ఎంత వెడల్పు చేయాలో తేలుస్తున్నారు. దీన్ని ఎవరూ ఖాళీగా తిరగడం అనరు, 'ఆరోగ్యం కోసం' అంటారు. నేను అదే గంటన్నర బస్సులో కూర్చుంటే పనీ పాటా లేనట్టు!

మగవాడు చెప్పులేసుకుని "అలా వెళ్లొస్తా" అంటే చాలు, 'అలా' అన్నదే ఆయన దిగే ఊరు. ఆడది వెళ్లాలంటే గుడో, ఆసుపత్రో, పెళ్లో, పరామర్శో ఉండాలి. నేను కూడా మొదటి రెండు నెలలు గుడికనే చెప్పాను. ద్రాక్షారామం వెళ్లాను, ర్యాలి వెళ్లాను. ర్యాలిలో ఒకే రాతిలో ముందు వైపు విష్ణుమూర్తి, వెనక వైపు మోహిని. వెనక వైపు జడ ముడి చెక్కిన తీరు చూస్తూ నిలబడిపోయాను. భక్తి తక్కువని కాదు, కానీ నన్ను బయటికి లాగింది భక్తి కాదని నాకు తెలుసు, ఆ దేవుడికీ తెలిసే ఉంటుంది. అబద్ధం చెప్పి గుడికి వెళ్లడం కంటే నిజం చెప్పి బజారుకు వెళ్లడం మేలనిపించి మానేశాను.

"జీతం తీసుకున్న మనిషివి కదా, అప్పుడే టికెట్టు కొనుక్కుని తిరగవలసింది" అని మా అబ్బాయి అన్నాడు. చార్జీకి ఎప్పుడూ డబ్బుంది బాబూ. కానీ డబ్బు పెడితే దానికొక కారణం ఉండాలని మా తరం ఆడవాళ్లకు పాలతోపాటు పోశారు. జీతం నాది, ఖాతా నాది, ఆఖరికి ఇరవై రూపాయలు ఎందుకయ్యాయో సంజాయిషీ చెప్పుకునేదాన్నీ నేనే, అదీ ఎవరూ అడగకుండానే. చార్జీ సున్నా అయ్యేసరికి కారణం కూడా సున్నా అయిపోయింది. ఇది ఏ పథకం కాగితంలోనూ రాసి ఉండదు.

నా సంగతి పోనివ్వండి. నవంబరులో మండపేట నుంచి తిరిగి వస్తుంటే నా పక్కన ఒకావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఒళ్లో వైరు బుట్ట, అందులో నాలుగు ములక్కాడలు, పాత గుడ్డలో చుట్టిన సున్నుండలు. కూతురి ఇంటికట. ఇదివరకు పండక్కీ పబ్బానికీ వెళ్లేదట, ఇప్పుడు వారం వారం. "చార్జీకి అబ్బాయిని అడగాలి కదమ్మా. అడిగితే ఇస్తాడు, కాదనడు. ఇచ్చేటప్పుడు మొన్నే కదా వెళ్లావు అంటాడు" అంది. అంటూనే కొంగు ముడి విప్పింది. చిల్లర ఉండాల్సిన చోట ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు. కండక్టరుకు చూపించి మళ్లీ అదే ముడి వేసుకుంది, బంగారం దాచినంత జాగ్రత్తగా. మా వీధి పెద్దమనిషి చెప్పే పనీ పాటా లేనివాళ్లలో ఈవిడా ఒకరు.

సరే, ఇందాక వాయిదా వేసిన న్యాయం. పింఛను వచ్చే నాకు ఇది అవసరమా అంటే, అవసరం లేదు. టికెట్టు పెడితే కొంటాను. అందుకే నాకు నేనొక నియమం పెట్టుకున్నాను. ఉదయం పదికి ముందు, సాయంత్రం నాలుగు తర్వాత బస్సెక్కను. ఆ వేళల్లో కాలేజీ పిల్లలు, కొట్లలో పనిచేసే అమ్మాయిలు, కూలికి వెళ్లేవాళ్లు ఒంటికాలి మీద వేలాడుతుంటారు. వాళ్ల సీట్లో కూర్చుని నేను గోదావరి అందాలు చూడటం తప్పు. నాలాంటి విరామ జీవులందరూ ఈ మాత్రం పాటిస్తే బస్సుల్లో తిట్లు సగం తగ్గుతాయి. ఆటోవాళ్ల మాట కూడా నిజమే. మా వీధి చివరి ఆటో అబ్బాయికి బేరాలు పడిపోయాయి. అక్టోబరులో ప్రభుత్వం 15 వేలు వేసింది, కానీ అది ఏడాదికొకసారి వచ్చేది, బేరం రోజూ పోయేది. ఇంటి నుంచి బస్టాండుకు అతని ఆటోలోనే వెళ్తాను. నా ఉచిత ప్రయాణానికి అయ్యే ఖర్చు అదే.

అదొక్కటే కాదు, ఇంకొకటుంది. ఒక ఊరి బస్టాండులో మరుగుదొడ్డికి పది రూపాయలు వసూలు చేశారు. నలభై కిలోమీటర్లకు సున్నా, నాలుగు అడుగులకు పది! లోపల గడియ లేదు, తలుపు ఒక చేత్తో పట్టుకోవాలి. అరవై దాటిన ఆడవాళ్లు ఏ ఊరు వెళ్లాలో నిర్ణయించేది చూడదగిన ప్రదేశాలు కాదు, ఈ సంగతే. బయలుదేరే ముందు కాఫీ మానేసే ఆడవాళ్లు ఎంతమందో ఒక్కసారి మీ ఇంట్లో అడిగి చూడండి. బస్సు మొదటి మెట్టు గురించి కూడా చెప్పాలి. ఆ ఎత్తు కట్టినవాడికి మోకాళ్లు లేవో, తల్లి లేదో.

ఈ రాయితీల విషయంలో నా జాతకం తమాషాగా ఉంటుంది. రైళ్లలో ఆడవాళ్లకు 58 నిండితే చార్జీ సగమే ఉండేది. నాకు 58 నిండింది 2020 జూన్‌లో. ఆ రాయితీ ఆపేసింది 2020 మార్చి 20న, కోవిడ్ అని. కోవిడ్ పోయింది, రాయితీ తిరిగి రాలేదు. మా వారు 40 శాతం రాయితీ మీద కొన్నేళ్లు బాగానే తిరిగారు. ఇప్పుడు బస్సులో ఆయనకు వయోవృద్ధుల రాయితీ 25 శాతం, నాకు నూటికి నూరు. పక్కపక్కన కూర్చుని ఆయన డబ్బులు లెక్కపెడుతుంటే నేను కిటికీలోంచి చూస్తుంటాను. లెక్క సరిపోయింది.

వానాకాలంలో మాత్రం నేను ఎక్కువగా వెళ్లింది ధవళేశ్వరం. బస్సులో ఎంతో దూరం కాదు. ఆనకట్టకు నాలుగు భుజాలు, 175 గేట్లు. నీటిమట్టం 11.75 అడుగులు తాకితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నా దగ్గర చిన్న నోటు పుస్తకం ఉంది, పేపరులో వచ్చిన అంకె ఒక గడిలో, నేను వెళ్లిన రోజు నీళ్లు ఎలా ఉన్నాయో ఇంకో గడిలో రాసుకుంటాను. రెండో గడిలో అంకెలుండవు. 'ఎర్రగా, గుర్రపుడెక్కతో', 'చప్పుడు రోడ్డు దాకా', ఇలా. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఈ ఊళ్లోనే ఉన్నాను. మా ఇంటి మగవాళ్లంతా గట్టు మీదికి వెళ్లి చూసి వచ్చి చెప్పారు. మేము వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాం. ఈ ఊరు చూసిన అతిపెద్ద గోదావరి నాకు మా మామగారి నోటి నుంచే తెలుసు.

మళ్లీ గురువారానికి వస్తాను. వేమగిరి దాటాక కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. దిగుదామా అనుకున్నాను, పోయినసారి బొడ్డుమల్లి మొక్క ఒళ్లో పెట్టుకుని వచ్చి చీర నిండా మట్టి చేసుకున్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. జొన్నాడ దగ్గర వంతెన ఎక్కగానే బస్సులో సగం చేతులు నమస్కారానికి లేచాయి. ఎవరో కిటికీలోంచి రూపాయి విసిరారు, అది నీళ్లలో కాక కమ్మీకి తగిలి రోడ్డు మీదే పడ్డ చప్పుడు వినిపించింది.

రావులపాలెంలో దిగి అరటి మార్కెట్టుకు నడిచాను. పొద్దుటి సందడి తగ్గింది. అయినా ఇంకా సైకిళ్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కో సైకిలుకు అటూ ఇటూ, వెనకా గెలలు కట్టి ఉంటే, తొక్కే వీలు లేక నడిపించుకుంటూ వస్తున్నారు. దూరం నుంచి చూస్తే గెలలే నడిచి వస్తున్నట్టుంది. ఒక రైతు గెల దింపేటప్పుడు కింద ఎండుటాకులు పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పక్కకు ఒరిగించాడు. కాయకు గీత పడితే ధర పోతుందట. కర్పూరం, అమృతపాణి, బొంత, చక్కెరకేళీ, వరసగా పేర్లు చెప్పాడు. నేను కొనేదాన్ని కాదని తెలిసే చెప్పాడు. "ఎక్కడినుంచమ్మా?" అని అడిగాడు గానీ ఎందుకొచ్చావని అడగలేదు. ముప్పావుగంట ఒక దిమ్మ మీద కూర్చున్నాను. తర్వాత వచ్చిన బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. మా వారు తానే అన్నం వడ్డించుకుని తిని, పేపరు చదువుతున్నారు.

"ఎక్కడికి వెళ్లావు?"

"రావులపాలెం."

"ఏం పని?"

"అరటి గెలలు చూడటానికి."

"కొన్నావా?"

"లేదు."

"మరి?"

"చూశాను."

పేపరు మళ్లీ పైకి లేచింది. రెండు పేజీలు తిరిగాక దాని వెనక నుంచి మాట వచ్చింది. "చక్కెరకేళీ ఎర్రదా, తెల్లదా?"