పూర్వానుభవ నిబంధన గారికి

మహారాజశ్రీ పూర్వానుభవ నిబంధన గారి దివ్యసముఖమునకు, తాళ్ళరేవు నుంచి లేత్ షెడ్డు యజమాని నమస్కరించి రాసుకొనునది. ఉభయకుశలోపరి.

ఇదివరకు ఇదే పని చేసినవాడికే ఆర్డరు అనే నిబంధన కదా తమరు; మా వాల్వులకు మీ తిరస్కారం నిన్న ముట్టింది. జలాంతర్గామికి వాల్వులు సరఫరా చేసినట్టు మా దగ్గర పాత ఆధారాలు లేవట. ఎలా ఉంటాయండీ? మీరు ఆర్డరు ఇస్తేనే కదా సరఫరా! పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

పిలిచింది మీవాళ్లే. 2020 నుంచి రక్షణశాఖ వారి సృజన్ పోర్టల్లో దిగుమతి సరుకుల జాబితా పెట్టి, ఇవి మీరు చేయగలరా అని అడుగుతున్నారు. 2047 కల్లా నౌకాదళం పూర్తిగా స్వావలంబన సాధిస్తుందంటున్నారు. సదస్సులో మెడలో బ్యాడ్జీ వేసి, కడుపునిండా భోజనం కూడా పెట్టారు. చిన్న పరిశ్రమలకు అనుభవం విషయంలో సడలింపు ఇవ్వవచ్చని నియమాల్లోనే ఉంది కదా అంటే, జలాంతర్గామి దగ్గర కుదరదన్నారు.

మా వాల్వును మీవాళ్లు కన్నెత్తి చూడలేదు. ఉప్పునీటికి ఓర్చే నికెల్ అల్యూమినియం కంచుతో పోత పోయించాం. మూడు వందల మీటర్ల లోతున సముద్రం చదరపు సెంటీమీటరుకు సుమారు 30 కిలోల ఒత్తిడితో నొక్కుతుంది. మేం నీళ్లు నింపి, చేతిపంపుతో 45 దాకా ఎక్కించి వదిలేశాం. టీ తాగి వచ్చి చూస్తే గేజి ముల్లు కదలలేదు. మా టర్నరు, వాల్వు కాడ పక్కనుంచి నీరు కారకుండా ఆపే గ్లాండు చుట్టూ వేలు తిప్పి, పొడిగా ఉన్న వేలు నా ముందు పెట్టాడు. మీ ఫారంలో ఆ వేలికి గడి లేదు.

అనుభవం అంత పవిత్రమైతే దేశం దాన్ని ఎలా కాపాడుకుందో కూడా చెప్పండి. ముంబైలో కట్టిన జలాంతర్గాముల్లో శల్కి 1992లో, శంకుల్ 1994లో నౌకాదళంలో చేరాయి. అక్కడే కట్టిన తర్వాతిది కల్వరి, చేరింది 2017లో. ఈలోగా పని నేర్చిన చేతులు ఎన్ని రిటైరయ్యాయో! ఇక అరిహంత్ సంగతి. 2009లో విశాఖలో నీళ్లలోకి దిగిన ఆ అణు జలాంతర్గామిని కట్టకముందు, అలాంటిది కట్టిన అనుభవం ఈ దేశంలో ఎవరికి ఉందండీ? అప్పుడు మీరు ఏ బీరువాలో నిద్రపోతున్నారు? ఆ రోజు మీ మాట వింటే ఇవాళ్టికీ దాని నమూనా బొమ్మే ఉండేది.

ఇక్కడికి కూతవేటు దూరంలోని కోరంగిలో ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలు కట్టారు. ఆ వడ్రంగులను కూడా మీరు సర్టిఫికెట్లు అడిగేవారే.

మర్యాద చాలు. నాకు దయ అక్కర్లేదు, సడలింపూ అక్కర్లేదు. కాగితం పక్కన పెట్టి వాల్వు అడగండి. మీరు చెప్పిన చోట, మీ ఇన్‌స్పెక్టరు ఎదుటే బిగిస్తాను, ఎంత ఒత్తిడి కావాలంటే అంత పెట్టుకోండి. ఒక్క చుక్క కారినా మీ గుమ్మం తొక్కను.