చేతులు కట్టేస్తే కూడికలు రావు

ఒక మెసేజ్ మొదట మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత చిన్నాన్న పంపాడు. సోమవారం బడికి పోతే ఒక పిల్లాడి తల్లి ఫోన్ చూపించి "ఇది నిజమేనా సార్?" అని అడిగింది. "ఆటల పేరుతో మీ పిల్లల లెక్కలు నాశనం చేస్తున్నారు" అనే మెసేజ్ అది. ఆరు పాయింట్లు, కింద చేతులు జోడించిన బొమ్మ, కనీసం పది మందికి పంపమని విన్నపం. ఆదోని దగ్గర ఒక మండలంలో ఒకటి, రెండు తరగతులకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. చూసీ చూడనట్టు ఊరుకోవడం ఇక నావల్ల కాదు.

మొదటి పాయింటు: "ఆటలతో లెక్కలు నేర్పడం విదేశీ పద్ధతి. మన పెద్దలు కూర్చుని బట్టీ పట్టారు." మన పెద్దలు వామన గుంటలు ఆడలేదా? ఒక గుంటలో గింజలన్నీ తీసి ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోతాం. చేతిలోవి ఏ గుంట దగ్గర అయిపోతాయో ముందే లెక్కేసుకోనివాళ్లు ఆ ఆట గెలవలేరు. మా జేజికి సంతకం పెట్టడం రాదు. చింతగింజల ఆటలో ఆమెను ఓడించినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

రెండోది, గెంతితే మెదడు వేడెక్కి చదివింది మరచిపోతారట. దీనికి జవాబు అక్కర్లేదు. మూడోది, ఇప్పుడు ఆడుకుంటే రేపు ఐఐటీ సీటు రాదట. ఐదేళ్ల బిడ్డ ముందు ఐఐటీ మాట ఎత్తడమే తప్పు.

నాలుగో పాయింటు దగ్గర కొంచెం ఆగాలి. "దూకడానికీ కూడికకూ సంబంధం ఏమిటి?" అని అడిగారు. సంబంధం ఉంది. మా బడి వరండాలో పరిచినవి బేతంచెర్ల బండలు. వాటి మీద సుద్దముక్కతో సున్నా నుంచి ఇరవై దాకా, బండకు ఒక అంకె చొప్పున రాశాం. ఆరు మీద నిలబడి మూడు దూకమంటే మొదట్లో చాలామంది ఎనిమిది మీద ఆగిపోతారు. నిలబడిన బండనే "ఒకటి" అని లెక్కపెట్టేస్తారు. ఇదే పిల్లలు పలక మీద 6 + 3 = 8 అని రాస్తే మనం అడ్డగీత కొట్టి పక్కన పెడతాం. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వాళ్లకూ తెలీదు, మనకూ తెలీదు. బండల మీదైతే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు. "నువ్వు రెండే దూకితివి!" అని అరుస్తారు. ఆ పిల్ల వెనక్కి వచ్చి మళ్లీ ఆరు మీద నిలబడి, కాలు లేచినప్పుడు మాత్రమే "ఒకటి" అంటుంది. తొమ్మిది మీద ఆగుతుంది. కలపడమంటే ఉన్నచోటి నుంచి ముందుకు పోవడమని ఆ కాళ్లకు ఒకసారి తెలిస్తే చాలు.

ఇంకో లాభం కూడా ఉంది. ఆరు రాళ్లు, మూడు రాళ్లు కుప్పలుగా పోసి కలపమంటే ఒకటో తరగతి పిల్లలు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి తొమ్మిదీ లెక్కపెడతారు. బండ మీద ఆ అవసరం లేదు, అప్పటికే ఆరు మీద నిలబడి ఉన్నారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని అక్కణ్ణుంచే పోతారు. కూడికలో ఇదే అసలైన మలుపు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పే వరసా ఇదే: ముందు అనుభవం, తర్వాత మాట, ఆ తర్వాత బొమ్మ, చివర్లో 6, + లాంటి రాసే గుర్తు. మనం గుర్తుతో మొదలుపెట్టి, రాలేదని బిడ్డను తిడుతున్నాం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆడించినంత మాత్రాన లెక్కలు రావు. 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో నాలుగైదేళ్ల పేద పిల్లల చేత ఒక ఆట ఆడించారు. ఒకటి నుంచి పది దాకా గళ్లున్న పట్టీ మీద రెండు వారాల్లో నాలుగు సార్లు, ఒక్కోసారి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఇంకో గుంపుకు అదే ఆట ఇచ్చారు, గళ్లలో అంకెల బదులు రంగులు పెట్టారు. కాయ జరుపుతూ అంకెలు పలికిన పిల్లల లెక్క మెరుగుపడింది, తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. రంగులతో ఆడినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. నేనూ ఒక ఏడాది వారమంతా పరుగు పందేలు పెట్టి గణితం చెబుతున్నాననుకున్నాను. పిల్లలు చెమటలు పట్టేలా పరుగెత్తారు, ఒక్క అంకె పలకలేదు. అలాంటి ఆటను ఎవరైనా తప్పుబడితే నేను ఒప్పుకుంటాను.

ఆరో పాయింటులో కూడా సగం నిజం ఉంది. "చిన్న కూడికలు నోటికి రావాలి" అన్నారు. రావాలి. మూడో తరగతిలో 48 + 37 చేస్తూ, ఎనిమిదీ ఏడూ ఎంతో లెక్కపెట్టడానికే తిప్పలుపడే పిల్లలు పదుల స్థానానికి వెళ్లేలోపు ఏం చేస్తున్నారో మరచిపోతారు. కానీ నోటికి రావడం దారి చివర జరగాల్సింది. దాన్ని మొదట్లోనే అడిగితే ఎలా?

ఇక ఐదో పాయింటు. నేను ఇది రాస్తున్నదే దీని కోసం. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: "యూకేజీ దాటాక వేళ్ల మీద లెక్కపెడితే మెదడు మొద్దుబారుతుంది. చేతులు కట్టించి కూర్చోబెట్టి చెప్పించండి. వేలు కదిలితే స్కేలుతో ఒక దెబ్బ వేయండి."

మా ఒకటో తరగతిలో ఒక పాప ఉంది. అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి, అంటే కోత పనులకు పోయి, ఉగాది తర్వాత తిరిగొచ్చింది. ఆ నెలల చదువంతా పోయింది. వచ్చిన వారానికి ఐదూ రెండూ ఎంత అని అడిగాను. రెండు చేతులూ చంకల్లో గట్టిగా బిగించుకుని తల దించుకుంది. రాదేమో అనుకుని వేరేవాళ్లను అడగబోతుంటే ఆమె కాలు కనబడింది. బొటనవేలు నేలకు తట్టుకుంటోంది. ఐదు సార్లు తట్టి, ఆగి, ఇంకో రెండు సార్లు తట్టింది. "ఏడు" అంది. సరైన జవాబు చెప్పి, కొడతానేమోనని నా చేతి వైపు చూసింది.

సాయంత్రం వాళ్ల నాన్నను పిలిపించాను. "మెసేజ్‌లో డాక్టరు చెప్పినాడని ఉండాది కద సార్, పాప బాగుపడాలనే చేసినా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట రాసినవాళ్లకు ఒకటో తరగతి పిల్లల ముందు ఒక్క పూట కూర్చున్న అనుభవమైనా ఉందా? నడక నేర్చే బిడ్డ గోడ పట్టుకుంటే చేతి మీద కొడతారా? అమెరికాలో నాన్సీ జోర్డన్ బృందం కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి చివరి దాకా పిల్లలను గమనించి 2008లో ఫలితాలు చెప్పింది. మొదట్లో వేళ్లు ఎక్కువగా వాడిన పిల్లలే సరైన జవాబులు ఎక్కువ చెప్పారు. రెండో తరగతి ముగిసేసరికి ఆ తేడా పోయింది. ఐదేళ్ల వయసులో వేళ్లు అడ్డం కాదు, ఆసరా.

ఇదే మెసేజ్ పంపినవాళ్లలో కొందరు పిల్లలను డబ్బు కట్టి అబాకస్ క్లాసులకు పంపుతున్నారు. అక్కడ పిల్లలు వేళ్లతో పూసలే కదా జరిపేది! మన ఇళ్లలో పెద్దవాళ్లు వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ తిథులు లెక్కపెట్టలేదా? వాళ్ల మెదళ్లు ఏమైనా మొద్దుబారాయా? ఇక స్కేలు దెబ్బ సంగతి. బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా హింసించడాన్నీ 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. బడిలో నేను చేస్తే శిక్ష పడే పనిని ఇంట్లో చేయమని తల్లిదండ్రులకు చెబుతున్నారు.

వాళ్ల నాన్నకు ఒక్క పని చెప్పాను. రాత్రి అన్నం తిన్నాక ఎనిమిది చెనిక్కాయలు తీసుకుని, కొన్ని పిడికిట్లో దాచి, మిగతావి చూపించి, దాచినవి ఎన్నో అడగమన్నాను. వేళ్లు వాడినా, కాళ్లు వాడినా ఏమీ అనొద్దన్నాను. ఇప్పుడు పాప చేతులు కట్టుకోవడం లేదు. బండల మీద పది దాటి దూకుతోంది.

ఆ ఐదో పాయింటు ఆ ఇంటికి చేరింది ఒక బంధువు ఫార్వర్డ్ చేయడం వల్లే. మన గ్రూపులో పెట్టినవాళ్లు దయచేసి ఈరోజే తీసేయండి. ఎవరికి పంపారో వాళ్లకు ఫోన్ చేసి, పిల్లల చేతులు కట్టించొద్దని చెప్పండి.