అమగిరిని ముంచిన మైన్‌కు కెనడీ ఎవరో తెలియదు

మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ ఆ ఫార్వర్డ్ వచ్చింది, కింద మా బాబాయి దండాలతో సహా. సారాంశం ఇదీ: 1943లో అమగిరి అనే జపాన్ డిస్ట్రాయర్ (వేగంగా పోయే యుద్ధనౌక), తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెనడీ నడుపుతున్న చిన్న బోటును కావాలనే గుద్ది రెండు ముక్కలు చేసింది. బోటులో కెనడీ ఒక్కడే బతికాడు. అమెరికా పగబట్టి ఏడాది తిరక్కుండా ఆ ఓడను వేటాడి, కెప్టెన్‌తో సహా అందరినీ జలసమాధి చేసింది. సినిమా కథకైతే బ్రహ్మాండంగా ఉంది.

"ఒక్కడే బతికాడు" అన్నది ముందు తేల్చేద్దాం. పీటీ-109 అనే ఆ టార్పెడో బోటులో ఉన్నది 13 మంది. చనిపోయింది ఇద్దరు. మిగతా 11 మందీ బతికారు. వాళ్లలో మెక్‌మహన్ అనే ఇంజిన్ మనిషికి ఒళ్లు బాగా కాలింది. అతని లైఫ్ జాకెట్ పట్టీని పళ్లతో కరిచిపట్టుకుని, గంటల తరబడి ఈది, దీవికి చేర్చింది కెనడీయే. ఇంత మంచి సంగతి వదిలేసి అందరినీ చంపేయడం ఎందుకో!

ఇక "కావాలనే గుద్దింది". ఆగస్టు 2, తెల్లవారుజామున రెండు దాటింది. సోలమన్ దీవుల్లో కొలంబంగరా పక్కన బ్లాకెట్ జలసంధి. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఆ దీవిలో సైనికుల్ని దించి వెనక్కి వస్తున్న మూడు డిస్ట్రాయర్లకు కాపలాగా అమగిరి కూడా వస్తోంది, లైట్లన్నీ ఆర్పేసి, మంచి వేగంతో. పీటీ-109లో రాడార్ లేదు. నీటి మీద నురగ చార కనపడకూడదని ఒక్క ఇంజిన్ మీదే మెల్లగా కదులుతోంది. ఒకటేమో సుమారు 118 మీటర్ల ఓడ, ఇంకోటి పాతిక మీటర్లు కూడా లేని చెక్క బోటు.

గుద్దమని తానే చెప్పానని అమగిరి కెప్టెన్ కోహేయి హనామి తర్వాతి కాలంలో అన్నాడు. కానీ అదే ఓడ మీద ఆయనకు పై అధికారి కట్సుమోరి యమషిరో కూడా ఉన్నాడు. తప్పించమనే తాను చెప్పాననీ, అది ప్రమాదమేననీ ఆయన మాట. ఇద్దరూ అక్కడే ఉన్నవాళ్లే, ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. మనవాళ్లు మాత్రం ఒక్క లైనులో తీర్పిచ్చేశారు.

అసలు సరుకు పగ దగ్గరుంది. ఆ గుద్దుడుకు అమగిరి ప్రొపెల్లర్ వంగింది, ఓడంతా అదురు పట్టుకుంది, వేగం తగ్గింది. అయినా జపాన్ స్థావరమైన రబౌల్ చేరింది. అదే ఏడాది నవంబరులో కేప్ సెయింట్ జార్జ్ దగ్గర అమెరికా డిస్ట్రాయర్లు జపాన్‌వి ఐదింట్లో మూడింటిని ముంచేస్తే, తప్పించుకున్న రెండింట్లో అమగిరి ఒకటి. చివరికి 1944 ఏప్రిల్ 23న, బోర్నియోలోని బాలిక్‌పపాన్‌కు దక్షిణంగా మకస్సార్ జలసంధిలో పోతూ ఒక మైన్‌కు, అంటే ఓడ తగిలితే పేలేలా నీళ్లలో వదిలిన బాంబుకు, తగిలింది. ఆ మైన్‌ను అక్కడ వదిలింది టౌటోగ్ అనే అమెరికా సబ్‌మెరైన్. ఎప్పుడు? 1943 మార్చిలో.

తేదీలు మళ్లీ చూడండి. బోటు విరిగింది ఆగస్టులో. మైన్ నీళ్లలో పడింది అంతకు ఐదు నెలల ముందు. జరగని దానికి ముందే పగ తీర్చుకోవడం ఎక్కడైనా ఉందా? వేటాడిందీ లేదు, వెతికిందీ లేదు. ఎవరో ఒకరు రాకపోతారా అని వదిలిన మైన్ అది. ఏడాదికి పైగా ఎదురుచూశాక వచ్చి తగిలిన ఓడ అమగిరి.

ఈ ఫార్వర్డ్ చదివితే, కెనడీని గుద్దడానికే అమగిరి పుట్టిందేమో అనిపిస్తుంది. అది 1930లోనే నౌకాదళంలో చేరింది. మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి కదా, ఆ రోజు అదే దళంలోని అమగిరి మన బంగాళాఖాతంలోనే ఉంది. మొగామి, మికుమ క్రూజర్లతో కలిసి బ్రిటిష్ వర్తక నౌకల్ని ముంచుతోంది. తెలుగు గ్రూపుల్లో తిప్పాలంటే తిప్పాల్సింది అది.

చివరగా ఆ జలసమాధి. మైన్ పేలాక అమగిరి మునగడానికి రెండు గంటలకు పైనే పట్టింది. కాబట్టి సిబ్బందిలో ఎక్కువ మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఇక జలసమాధి అయిన కెప్టెన్ హనామి గారు 1952లో, సెనేట్‌కు పోటీ చేస్తున్న కెనడీకి స్వయంగా ఉత్తరం రాశారు. ఆ తర్వాత ఫుకుషిమా ప్రాంతంలోని షియోకవా పట్టణానికి మేయర్ కూడా అయ్యారు.